ఐదో ఇల్లు

నాందేడ్‌లో మేముంటున్న వీధిలో పాత ఇళ్లు ఒక్కొక్కటే పడిపోయి అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రతి అపార్ట్‌మెంటుకూ ఒక గేటు, గేటుకో వాచ్‌మన్. పోయిన నవరాత్రులలో మంగళవారం నాడు నా భార్య పరడి పట్టుకుని ఎదుటి బిల్డింగు గేటు ముందు నిలబడింది. పరడి అంటే వెదురుతో అల్లిన గుండ్రటి చిన్న బుట్ట, అమ్మవారి పేర జోగు, అంటే భిక్ష, అడిగేది దానితోనే. వాచ్‌మన్ మర్యాదస్తుడే. "థాంబా మావశీ" అని ఆమెను ఆపి, మూడో అంతస్తుకు ఫోను చేసి, జోగు అడగడానికి ఒక బాయి వచ్చింది, పైకి పంపమంటారా అని మరాఠీలో అడిగాడు. పంపమన్నారు. లిఫ్టు తలుపు కూడా తెరిచి పట్టుకున్నాడు. ఆమె లిఫ్టు ఎక్కలేదు. ఇంటికి తిరిగి వచ్చి, "ముందుగాల్ల చెప్పి అడిగితె అది జోగెట్లయితది?" అంది.

ఆ మాట ఆమెది కాదు, మా అమ్మది. నేను దాన్ని మొదట విన్న చోటు నాందేడ్‌కు చాలా దూరం. అప్పుడు నేను ఇథియోపియాలో పాఠాలు చెబుతున్నాను. అమ్మ మమ్మల్ని చూడటానికి వచ్చింది.

మాది కుండల్‌వాడి. తాతల నాటి నుంచి బజారులో కిరాణా దుకాణం. ఇంట్లో తెలుగు, దుకాణంలో మరాఠీ, బేరమాడేవాళ్లతో హిందీ. మా ఇలవేల్పు మాహూరు కొండ మీది రేణుక. మా వైపు తెలుగువాళ్లం ఆమెను ఎల్లమ్మ అనే అంటాం. ఆ తల్లి పరడి ఉన్న ఇంటి ఇల్లాలు నవరాత్రుల మంగళవారం ఐదు ఇళ్ల ముందు నిలబడి జోగు అడగాలి. ఇంట్లో ఎన్ని బస్తాల ధాన్యం ఉన్నా సరే, ఆ రోజు అడిగి తెచ్చుకున్న గింజలే వండుకుని తినాలి. కాళ్లకు చెప్పులు ఉండకూడదు. తలుపు తట్టకూడదు, గడప దాటకూడదు. వండినదీ డబ్బులూ తీసుకోకూడదు. కాదన్న ఇంటిని కూడా చల్లగా ఉండమని దీవించి రావాలి. గింజలు వేసిన ఇళ్లే లెక్క, సొంత ఇల్లు లెక్కలోకి రాదు. దీపాలు పెట్టే వేళకు ఐదు ఇళ్లు పూర్తి కాకపోతే ఆ రోజు అన్నం లేదు. మళ్లీ శుక్రవారం అడగాలి. అప్పటిదాకా పాలు, పండ్లతో గడపాలి.

పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి అమ్మకు ఇది ఒక్కసారి కూడా తప్పలేదు. ఇథియోపియా వచ్చేనాటికి ఆమెకు డెబ్బై దాటాయి, చక్కెర వ్యాధి ఉంది, మాత్ర వేసుకుని వేళకు తినకపోతే కళ్లు తిరుగుతాయి.

నేను నాందేడ్‌లో ఒక కళాశాలలో గణితం చెప్పేవాణ్ణి. ఇథియోపియా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మన దేశం నుంచి అధ్యాపకులను పెద్ద సంఖ్యలో తీసుకుంటున్న రోజుల్లో, పిల్లల చదువులు ముగిశాక, నేనూ నా భార్యా అక్కడికి వెళ్లాం. అక్కడ మేమున్న ఊరు దెస్సీ. కొండల మధ్య ఎత్తున ఉంటుంది. నీలగిరి చెట్లు, చలి, రాళ్లు పరిచిన గల్లీలు, ప్రతి ఇంటికీ రేకుల గేటు. మూడు చక్రాల ఆటోను అక్కడ బజాజ్ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాందేడ్ స్టేషను ముందు నిలబడినట్టు ఉండేది.

అమ్మ రావడానికి పెట్టిన షరతు ఒక్కటే. నవరాత్రులకు ముందే కుండల్‌వాడిలో ఉండాలి. మా నాన్న విమానం ఎక్కనన్నాడు, గల్లా దగ్గరి నుంచి లేవడం ఆయనకు ఇష్టం లేదు. మా తమ్ముడు నాందేడ్ వచ్చి ఏజెంటు దగ్గర రానూపోనూ టికెట్లు తీసి, అమ్మను ముంబయి దాకా తీసుకెళ్లాడు. సెలవు ముగించుకుని తిరిగి వస్తున్న మా విశ్వవిద్యాలయపు కేరళ అధ్యాపకుడొకరు అక్కడి నుంచి ఆమెకు తోడు వచ్చారు. నేను అద్దిస్ అబాబా వెళ్లి ఆమెను తీసుకొచ్చాను.

విమానాశ్రయంలో ఆమె సామాను పెద్దదేమీ కాదు. జొన్నపిండి, కారం, రెండు చీరలు, ఒక దుప్పటి. పరడిని మాత్రం సంచిలో పెట్టలేదు. పాత చీర ముక్కలో చుట్టి ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

"ముంబయిల ఇదేందని అడిగిండ్రు," అంది. "బుట్ట అన్న. ఏముంది దాంట్లనంటె, ఏం లేదు, అడుక్కునుడుకు అన్న. ఆ పోరి నవ్విందిరా. ఇంక అడగలే."

"ఇక్కడ అట్ల అనకమ్మా."

"ఎందుకు, ఈడ అడుక్కుంటె పట్టుకపోతరా?"

దెస్సీలో నేను అన్నీ ముందే సిద్ధం చేశాను. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు ఇనుప కడ్డీ, మంచం పక్కన బెడ్‌స్విచ్చు, రెండు రగ్గులు, గదిలో హీటరు. ఇల్లంతా తిప్పి చూపించి, "ఇది నీ ఇల్లే అనుకోమ్మా" అన్నాను. ఆమె కడ్డీని ఒకసారి గుంజి చూసింది. హీటరు వైపు చూసింది. "సూద్దాం తియ్యి," అంది.

వారం రోజుల్లో అమ్మ నాకంటే బాగా అక్కడ సర్దుకుంది. అక్కడి గడియారం పొద్దు పొడుపుతో మొదలవుతుంది. మనం ఏడు అనేదాన్ని వాళ్లు ఒకటి అంటారు. ఏళ్లు గడిచినా నేను ప్రతిసారీ మనసులో ఆరు తీసివేసి చూసుకునేవాణ్ణి. అమ్మకు ఆ అవసరమే రాలేదు. "పొద్దు పొడిస్తె ఒకటి. గది సక్కగున్నది. మనమే అర్ధరాత్రి నుంచెందుకో లెక్కవెడ్తం," అంది. పక్కింటి ఆవిడతో గోడ మీదుగా గంటలు గంటలు మాట్లాడేది. ఈమె తెలుగు, ఆమె అమ్హారిక్. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఆమె కోడలు సంగతి" అనేది. ఎట్లా తెలిసిందంటే, "ఇంకేం ముచ్చటుంటది?" అనేది. గల్లీలో అందరూ ఆమెను 'ఎమామా' అని పిలిచేవారు, ముసలితల్లీ అన్నట్టు.

వానలు తగ్గి, కొండల మీద పసుపుపచ్చని పూలు విచ్చే రోజులు వచ్చాయి. ఒకరోజు తెల్లవారుజామున అమ్మ వాకిట్లో నిలబడి సన్నటి చంద్రవంకను చూస్తోంది. నన్ను పిలిచింది.

"నన్నెన్నడు తోల్తున్నవ్ రా?"

చెప్పాను.

"గంటె పెత్తరమాస పోయినంకనే. ఇంక నాలుగొద్దులల్ల పెత్తరమాస. మర్నాడే అమ్మోరు కూసుంటది. నేను అప్పటికి ఇంట్ల ఉండొద్దా?"

పెత్తరమాస అంటే నవరాత్రులకు ముందు వచ్చే పెద్దల అమావాస్య. నేను లోపలికి వెళ్లి పంచాంగం వెతికాను, దొరకలేదు. తమ్ముడికి ఫోను చేశాను. అమ్మ పక్కనే నిలబడి వింటానంది, స్పీకరు పెట్టాను.

"అన్నా, క్యాలెండర్ జూసే తీసిన టికెట్. నవరాత్రులకు వారం ముందుగాల్ల ఇంట్ల ఉంటది," అన్నాడు తమ్ముడు.

"ఏ క్యాలెండర్ చూసినవ్?"

"గల్లా ఎనకున్నది. మాహూరమ్మ ఫోటో ఉన్నది సూడు, గదే."

వెనక నుంచి నాన్న గొంతు వినపడింది. "అది పోయినేడాదిది రా గాడిది కొడకా! ఫోటో మంచిగున్నదని నేనే తియ్యనియ్యలే. కొత్తది దాని కిందున్నది."

మా దుకాణంలో దేవుడి బొమ్మ ఉన్న క్యాలెండరును ఎవరూ పారేయరు. గోడకు అలాగే ఉంటుంది, కొత్తది ఎక్కడో ఒక మేకుకు వేలాడుతుంది. అంతకు ముందు ఏడు అధికమాసం రావడం వల్ల నవరాత్రులు ఆలస్యంగా వచ్చాయి. ఈ ఏడు ముందుకు జరిగాయి. తమ్ముడు పాత దసరాను చూసి కొత్త టికెట్టు తీశాడు.

అమ్మ ఫోను దగ్గరికి వంగి, "గాడిది కొడకంటున్నవ్, ఎవలను తిట్టుకుంటున్నవయ్యా?" అంది. అవతల తమ్ముడు నవ్వాడు.

తరువాత రెండు రోజులు నేను టికెట్టు మార్చడానికి తిరిగాను. అక్కడా పండుగల కాలమే. విదేశాల నుంచి వచ్చినవాళ్లు తిరిగి వెళుతున్నారు, సీటు లేదన్నారు. అంటే మంగళవారం దెస్సీలోనే వస్తుంది. ఆ సంగతి చెప్పినప్పుడు అమ్మ కోపం చేయలేదు. పరడిని తీసి, దులిపి, పసుపు రాసి, గూట్లో పెట్టింది.

"ఇక్కడ ఎవరిని అడుగుతవమ్మా? ఈ ఏడుకు ఆపేద్దాం. అమ్మవారు ఏమనుకోదు."

"అమ్మోరు అనుకోదు. నేననుకుంట."

"ఐదు ఇళ్లు కాకపోతే ఉపాసం ఉంటవా?"

"ఉంట."

"షుగరున్నది."

"అది గూడ ఉంటది."

నా భార్య ముఖేడ్ ఆడపడుచు. వాళ్ల పుట్టింట్లో కూడా పరడి ఉంది. ఆమె నా వైపు చూసి, ఇక వాదించొద్దన్నట్టు తల ఊపింది. ఆ రోజు నుంచి ఇంట్లో విచారం ఒక్కటే. మంగళవారం ఐదు ఇళ్లు పూర్తి కాకపోతే అమ్మ శుక్రవారం దాకా అన్నం ముట్టదు. దగ్గరి పెద్దాసుపత్రికి పోవాలన్నా ఆ కొండ దారిలో బజాజ్ మీద పోవాలి.

నేను పద్ధతి ప్రకారం ఆలోచించాను. మా గల్లీలో మాది కాక సరిగ్గా ఐదు ఇళ్లు ఉన్నాయి, ఐదూ మాకు బాగా తెలిసినవే. రెండు భారతీయులవి: కేరళ అధ్యాపకుడిది ఒకటి, బీహారు దంపతులది ఒకటి. మిగతా మూడు అక్కడివాళ్లవి: పక్కింటి ఆవిడ, మా ఇంటి యజమానురాలు, చివరింట్లో ఉండే పదవీ విరమణ చేసిన నర్సు. సోమవారం సాయంత్రం ఐదిళ్లకూ వెళ్లి విషయం వివరించాను. అక్కడివాళ్లకు ఏ ధాన్యం ఇవ్వాలో తెలియక తికమకపడతారేమోనని, అమ్మ తెచ్చిన జొన్నపిండిలోంచే కొంచెం కొంచెం తీసి, పొట్లాలు కట్టి, ఇంటికొకటి ఇచ్చి వచ్చాను. రేపు మా అమ్మ వాకిట్లో నిలబడి పిలిస్తే దీన్ని బుట్టలో వేయండి, అంతే. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. ఇంటికి వచ్చి, ఆ రాత్రి చాలా రోజుల తరువాత హాయిగా నిద్రపోయాను.

మంగళవారం పొద్దున అమ్మ తలంటు పోసుకుని, నుదుట పసుపు పెట్టుకుని, పరడిలో ఏడు జొన్నగింజలు వేసింది. ఉత్త పరడితో అడగకూడదు. అప్పుడే పక్కింటి ఆవిడ గేటు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో పొట్లం. ఇప్పుడేనా, ఇంకాసేపు ఆగనా అని నన్ను సైగతో అడిగింది.

అమ్మ పొట్లాన్ని చూసింది. అది కుండల్‌వాడిలో మా దుకాణంలో కట్టే రకం, మరాఠీ పేపరు. సంచి అడుగున తనే పరిచి తెచ్చిన పేపరు అది. ఆవిడకు నవ్వుతూ నమస్కారం పెట్టి పంపించింది. గేటు మూసుకున్నాక నా వైపు తిరిగింది.

"ఇంకెన్నిండ్లకు పంచినవ్?"

"ఐదిళ్లకమ్మా. వాళ్లకు తెల్వదు గదా అని..."

"మన పిండి ఆళ్లకిచ్చినవ్. ఆళ్లు మళ్ల మనకిస్తరు. గిది జోగా, గిర్ని పట్టుడా?"

పిండిమర ఆడించినట్టుందన్న ఆ మాటకు నా భార్య వంటింట్లోంచి నవ్వింది. అమ్మకు నవ్వు రాలేదు.

"బిడ్డా, ముందుగాల్ల చెప్పి అడిగితె అది జోగెట్లయితది? నేనస్తనని ఆళ్లకు తెల్వొద్దు. ఇస్తరో ఇయ్యరో నాకు తెల్వొద్దు. గప్పుడే జోగు. ఆ ఐదిండ్లు ఇంక పనికిరావు. మంచి గల్లీ అంత ఖరాబు జేసినవ్."

"మరి?"

"ఇంకో గల్లీకి పోత."

నాకు మధ్యాహ్నం దాకా తరగతులు ఉన్నాయి. నేను వచ్చేదాకా ఆగమన్నాను. ఆగింది, కాని ఏమీ తినలేదు, మాత్ర వేసుకోలేదు. ఎండ కాస్త తగ్గాక బయలుదేరాం. నువ్వెందుకంది. దారి తప్పిపోతావన్నాను. "సరే, ఎంబడి రా. నోరు మాత్రం తియ్యకు. ఎంబడొచ్చేటోడు గూడ చెప్పులిడువాలె," అంది. నేను చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, పాంటు మడిచి, ఆ రాళ్ల మీద ఆమెకు ఇరవై అడుగుల వెనక నడిచాను.

పై గల్లీలో ఎవరూ మాకు తెలియదు. మొదటి గేటు ముందు అమ్మ నిలబడి, "ఎల్లమ్మ జోగు తల్లీ!" అని పిలిచింది. లోపల రేడియో గట్టిగా మోగుతోంది. తలుపు తట్టకూడదు కదా. ఇంకోసారి పిలిచి, కాసేపు ఆగి, చేయెత్తి దీవించి, ముందుకు సాగింది. రెండో ఇంట్లోంచి ఒక యువకుడు తల బయటపెట్టి, దేవుడిస్తాడు అని అర్థం వచ్చే మాట చెప్పి లోపలికి పోయాడు. మా ఊళ్లో కూడా ఇవ్వలేనివాళ్లు అదే మాట అంటారు. అమ్మకు భాష రాకపోయినా అర్థమైంది. "సల్లగుండు బిడ్డా," అంది.

తరువాతి ఇంటి ముందు ఒక పెద్దావిడ చాప మీద ఎండుమిర్చి ఆరబోస్తోంది. నుదుటి మీద పచ్చబొట్టుతో వేసిన చిన్న శిలువ. పిలుపు విని తలెత్తి, అమ్మను, బుట్టను చూసి, లోపలికి వెళ్లి రొట్టె ముక్క, దాని మీద ఒక నాణెం పెట్టి తెచ్చింది. అమ్మ పరడిని వెనక్కి తీసుకుంది. ఆవిడ ముఖం చిన్నబోయింది. నేను అప్రయత్నంగా ఒక అడుగు ముందుకు వేశాను. అమ్మ చూడకుండానే చేతితో ఆగమంది. పరడిని ముందుకు వంచి, లోపల ఉన్న ఏడు జొన్నగింజలను వేలితో కదిపి చూపించింది. ఆవిడ వంగి చూసింది. "మషిల్లా?" అంది. అక్కడ జొన్నను అలా అంటారు. మళ్లీ లోపలికి వెళ్లి రెండు దోసిళ్ల ఎర్ర జొన్నలు తెచ్చి పోసింది. అమ్మ పసుపు తీసి ఆవిడ నుదుటికి రాసింది, ఆ శిలువకు కింద, దానికి తగలకుండా. ఆవిడ కళ్లు మూసుకుని రాయించుకుంది.

ఒకటయింది.

మూల తిరిగేసరికి నా తరగతిలోని ఇద్దరు అమ్మాయిలు ఎదురయ్యారు. నేను గోడ పక్కన చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాను. మా అమ్మ బుట్ట పట్టుకుని ఒకరి గేటు ముందు నిలబడి ఉంది. ఫోను తీసి చూస్తున్నట్టు నటించాను, కాని వాళ్లు ఆగారు.

"టీచర్, మీ అమ్మగారికి ఏమైనా కావాలా?"

'సిలెత్' అన్నాను. మొక్కు అనే అర్థంలో వాళ్లు వాడే మాట అది. నాకు వచ్చిన కొద్ది మాటల్లో అదొకటి ఉండటం నా అదృష్టం. వాళ్ల ముఖాలు వెంటనే తేలికపడ్డాయి. మా నాయనమ్మకూ ఉంది, ఆవిడా అడుగుతుంది అంది ఒక అమ్మాయి. ముందు ఇళ్లకు పోయి మేం చెప్పి ఉంచుతాం టీచర్, అంది రెండో అమ్మాయి.

"వద్దు. ఎవరికీ చెప్పొద్దు," అన్నాను, కొంచెం గట్టిగానే. వాళ్లకు అది అర్థం కాలేదనుకుంటాను. తలలూపి వెళ్లిపోయారు.

అమ్మ నిలబడిన ఆ ఇల్లు ముస్లిములది. గుమ్మంలో ఒక పడుచు కాఫీ గింజలు ఏరుతోంది. బుట్టను చూసి, ఒడిలో ఉన్న పచ్చి కాఫీ గింజలే గుప్పెడు తీసి వేసింది. అమ్మ వాటిని వేళ్లతో తడిమి, నా వైపు తిరిగి, "ఇదేం పప్పు రా?" అంది. నోరు తీయొద్దన్నది గుర్తుండి నేను చెప్పలేదు. "ఏదైతేంది, గింజనే గద," అనుకుని దీవించింది. రెండయ్యాయి. కుండల్‌వాడిలో కూడా ఆమె ఐదు ఇళ్లలో ఒకటి ఎప్పుడూ అత్తరు అమ్మే సాయిబు గారిదే. ఆ కాఫీ గింజలు వండటానికి కుదరలేదు. కొన్ని ఇప్పటికీ నాందేడ్‌లో మా పరడి అడుగున ఉన్నాయి.

మూడో ఇంట్లో శనగలు వేశారు, కాని కాఫీ తాగకుండా వదలమన్నారు. ఆ ఇల్లాలు అమ్మ చేయి పట్టుకుని లోపలికి లాగుతుంది, అమ్మ గడప ఇవతల కాళ్లు తన్నిపెట్టి నవ్వుతుంది. చివరికి ఆవిడే ముక్కాలి పీట తెచ్చి గేటు బయట వేసింది. అమ్మ కూర్చుంది, తాగలేదు. ఆ ఇంటి పిల్లలందరికీ పసుపు పెట్టేసరికి చాలా సమయం పోయింది. నాలుగో ఇంట్లో ఒక వృద్ధుడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, చిన్న గిన్నెతో అక్కడివాళ్లు రొట్టెకు వాడే తెఫ్ అనే ధాన్యపు పిండి తెచ్చి పోశాడు. ఆవపిండి కంటే మెత్తన. సగం గాలికి లేచి అమ్మ కొంగు మీద పడింది.

ఆ తరువాత మూడు గేట్లు మూసి ఉన్నాయి. ఒక ఇంట్లో కుక్క. దాని పక్క ఇల్లు ఇంకా కట్టుబడిలో ఉంది. దెస్సీలో సూర్యుడు అస్తమించడు, కొండ వెనక్కి ఒక్కసారిగా పడిపోతాడు. గల్లీలో నీడ వచ్చేసింది. అమ్మ అడుగులు దగ్గర దగ్గరగా పడుతున్నాయి. ఒకచోట గోడ పట్టుకుని ఆగింది.

"కళ్లు తిరుగుతున్నయా?"

"లేదు. కాళ్లు మంట. గీ రాళ్లు మన ఊరి రాళ్లు గావు గద."

"ఇంక చాలమ్మా. నాలుగైనయ్."

"నాలుగు నాలుగే."

మా గల్లీ వైపు దిగాం. అక్కడ ఉన్నవి ఐదిళ్లు, ఐదూ నేను పాడు చేసినవే. మాకు కనపడిన మొదటి గుమ్మంలోనే నర్సు పొట్లం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది, పొద్దుటి నుంచి ఎదురుచూస్తోంది పాపం. అమ్మ ఆమెకు దండం పెట్టి ముందుకు పోయింది. కేరళ వారి ఇల్లు దాటింది, బీహారు వారి ఇల్లు దాటింది. మా గేటు తెరిచే ఉంది. నేను ముందుకు వెళ్లి తలుపు తీయబోయాను. అమ్మ గడప ముందు ఆగిపోయింది. పరడిని రెండు చేతులా పట్టుకుని గొంతెత్తింది.

"ఎల్లమ్మ జోగు తల్లీ!"

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అలసటతో మతి తప్పిందనుకున్నాను.

"అమ్మా, ఇది మన ఇల్లు. సొంత ఇల్లు లెక్కల రాదు గద."

"నా ఇల్లు కుండల్‌వాడిల ఉన్నది బిడ్డా," అంది, నా వైపు చూడకుండానే. "ఇది మీ ఇల్లు. నేనీడికి సుట్టమచ్చిన."

ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. దుకాణంలో తూకం చెప్పినట్టు చెప్పింది. నాకు గోడకు బిగించిన కడ్డీ, హీటరు, రెండు రగ్గులు గుర్తుకు వచ్చాయి. తలుపు వదిలి ఆమె వెనక్కి జరిగాను.

నా భార్య చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. గింజలు రాగానే వండాలని పొయ్యి మీద ఎసరు పెట్టి ఉంచింది. గుమ్మంలో అత్తను చూసింది, పరడిని చూసింది, నన్ను చూసింది. నేను వివరించలేదు. ఆ రోజు నేను నేర్చుకున్నది అదొక్కటే. ఆమె తల మీదికి కొంగు లాక్కుని లోపలికి వెళ్లింది. వంటగట్టు మీద కుండల్‌వాడి పిండి డబ్బా మూత తెరిచే ఉంది. చేయి దాని దాకా పోయి ఆగింది. పై అర అందుకుని, తను దెస్సీ బజారులో కొన్న ఎర్ర జొన్నపిండి సంచీ దించి, దోసిలి నిండా తెచ్చి పరడిలో పోసింది.

అమ్మ పసుపు తీసి కోడలి నుదుటికి రాసింది, పై గల్లీలో అందరికీ రాసినట్టే.

"నీ ఇల్లు సల్లగుండ. నీ పెనిమిటి సల్లగుండ."

తరువాత కూడా కదలలేదు. అక్కడే నిలబడింది.

"లోపటికి రాండ్లి అత్తమ్మా," అంది నా భార్య.

"పిలిస్తివి గద, అస్త. కాళ్లకు నీళ్లియ్యి."

నా భార్య చెంబుతో నీళ్లు తెచ్చింది. అమ్మ పరడిని ఆమె చేతికిచ్చి, ఒక చేయి తలుపు చెక్క మీద ఆనించి, ఒక్కొక్క కాలూ నెమ్మదిగా కడుక్కుంది. గుమ్మం ఇరుకు. ఆమె లోపలికి పోయేదాకా నేను వెనక, బయటే ఆగాను. లోపల ఎసరు మరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. మాత్ర ఎక్కడ పెట్టినవ్, అన్నం అయినంకనే వేసుకోవాల్నా అని అమ్మ అడుగుతోంది.

నా భార్య చెంబును మళ్లీ నింపుకుని వచ్చి నాకు కూడా ఇచ్చింది.